జీర్ణం కాని తోలు

మటన్ ముక్క ఒకటి కడుపులోకి వెళ్లిందనుకుందాం. అక్కడి ఆమ్లం, పెప్సిన్ కలిసి దాన్ని మెత్తబరుస్తాయి. చిన్నపేగులోకి దిగగానే క్లోమం నుంచి ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ వచ్చి పడి మిగిలిన ప్రోటీన్‌ను తుత్తునియలు చేస్తాయి. కొన్ని గంటల్లో ముక్క జాడ ఉండదు. అదే పేగులో, అవే రసాల మధ్య, జానెడు నుంచి జానెడున్నర పొడవున్న ఇంకో ప్రాణి ఏడాదికి పైగా నిక్షేపంగా బతికేస్తుంది. దాన్ని మనం ఏలికపాము అంటాం, శాస్త్రం ఆస్కారిస్ లుంబ్రికాయిడిస్ అంటుంది. దాని ఒళ్లూ ప్రోటీనే. పైగా దాని తోలులో ఎక్కువ భాగం కొల్లాజెన్, అంటే మటన్‌లో నమలలేక పక్కన పెట్టే నరాల్లో ఉండే పదార్థం కోవకే చెందింది. మరి మటన్ కరిగిపోతుంటే పురుగు ఎందుకు కరగదు?

ఈ ప్రశ్న హైదరాబాద్‌లోని మౌలాలికి దూరమైనది కాదు. ఇక్కడి నుంచి లాలాపేట మీదుగా తార్నాక చేరితే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు శివకుమార్, వినోదినీ రెడ్డి ఏలికపాములున్న పిల్లల పేగుల్లో విటమిన్ ఎ సరిగా ఇంకడం లేదని 1975లో చూపించారు. పిల్లకు ఆకుకూర పెట్టినా, చుక్కల మందు వేసినా, లోపల వాటా అడిగేవాడు ఒకడు కాపురం ఉన్నాడన్నమాట. వాణ్ణి బయటికి పంపాలంటే ముందు వాడి తోలు సంగతి తెలియాలి.

తోలు అన్నాను గానీ, మన చర్మంలా అందులో కణాలుండవు. జంతుశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో అవభాసిని అనీ, ప్రయోగశాలల్లో క్యూటికిల్ అనీ పిలిచే ఈ పొరను కింద ఉన్న హైపోడెర్మిస్ కణజాలం స్రవించి పేరుస్తుంది. ప్రాణం ఉన్నది కింద, పైన ఉన్నది దాని పనితనం. ఒంటిమీదే కాదు, నోటి లోపల, మలద్వారం దగ్గర, ఆడపురుగు జననాంగం అంచున కూడా ఈ పూతే ఉంటుంది.

అన్నిటికన్నా బయట చక్కెరలు అతికిన ప్రోటీన్ల జిగురు పూత, సర్ఫేస్ కోట్. చాలా పురుగుల్లో దాని మందం మిల్లీమీటరులో లక్షో వంతు మాత్రమే. దాని కింద కొవ్వులున్న ఎపిక్యూటికిల్. ఆ కింద దిట్టమైన భాగం మొదలవుతుంది: కార్టెక్స్ పొర, మధ్య పొర, అడుగు పొర. ఈ మూడింటి మందం పురుగును బట్టి, వయసును బట్టి మారిపోతుంది. నేలలో బతికే చిన్న పురుగు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్‌లో తోలంతా కలిపి మిల్లీమీటరులో రెండువేలో వంతు. ఏలికపాముది అంతకు ఎన్నో రెట్లు మందం, కంటికే మెరుస్తూ కనబడుతుంది.

ఇక రసాయనం. కొల్లాజెన్ ఎక్కడున్నా దాని అల్లిక ఒకటే: మూడు ప్రోటీన్ గొలుసులు ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. అలా బిగుతుగా చుట్టుకోవాలంటే ప్రతి మూడో స్థానంలో అన్నిటికన్నా చిన్న అమైనో ఆమ్లం, గ్లైసిన్, ఉండి తీరాలి. ఈ సూత్రం దగ్గర మనకూ పురుగుకూ తేడా లేదు. తేడా గొలుసు పొడవులో ఉంది, గొలుసుల మధ్య వేసిన ముడుల్లో ఉంది. మన ఎముకల్లో, చర్మంలో ఎక్కువగా ఉండే మొదటి రకం కొల్లాజెన్ గొలుసులో దాదాపు వెయ్యి అమైనో ఆమ్లాలుంటాయి. పురుగు తోలులోని గొలుసు అందులో మూడో వంతు. మనకు కొల్లాజెన్లు 28 రకాలైతే, సీ. ఎలిగాన్స్ అనే ఒక్క మిల్లీమీటరు పురుగు జన్యుపటంలో తోలు కోసమే సుమారు 170 కొల్లాజెన్ జన్యువులున్నాయి. ఒంట్లో వెయ్యి కణాలు కూడా లేని ప్రాణికి తోలు మీద ఇంత శ్రద్ధ!

ముడుల విషయానికి వస్తే, మన శరీరం లైసిన్ అనే అమైనో ఆమ్లం సాయంతో కొల్లాజెన్ గొలుసులను ఒకదానికొకటి కలుపుతుంది. పురుగు రెండు వేరే పద్ధతులు పట్టింది. మొదటిది గంధకపు లంకె: రెండు సిస్టీన్‌ల గంధక పరమాణువులు చేతులు కలపడం. 1967లో మెక్‌బ్రైడ్, హారింగ్టన్ అనే ఇద్దరు ఏలికపాము తోలు మీద పనిచేసి, ఈ లంకెలను తెంచితేనే అందులోని కొల్లాజెన్ విడివడుతుందని చూపించారు. రెండో పద్ధతి టైరోసిన్ లంకె. ఇక్కడ టైరోసిన్ వలయాలే నేరుగా అతుక్కుంటాయి, రెండేసి కొన్నిచోట్ల, మూడేసి కొన్నిచోట్ల. మూడు వలయాలు కలిసిన ఐసోట్రైటైరోసిన్ అనే పదార్థాన్ని 1981లో జపాన్ శాస్త్రవేత్త ఫుజిమోటో బృందం మొదటిసారి వేరుచేసింది ఏలికపాము తోలు నుంచే. గంధకపు లంకెను రసాయనంతో తెంచవచ్చు, టైరోసిన్ లంకె అంత సులభంగా లొంగదు. అందుకే పురుగు తోలును ప్రయోగశాలలో మరిగించి, డిటర్జెంటు వేసి, మెర్కాప్టోఎథనాల్ పోసి ఎంత బతిమాలినా చివర్లో కొంత కరగని తుక్కు మిగులుతుంది. దానికి క్యూటిక్లిన్ అని పేరు. కార్టెక్స్ పొరలో ఉండేది ముఖ్యంగా అదే.

ట్రిప్సిన్ ఒక గొలుసును కోయాలంటే ఆ గొలుసు విడిగా, వదులుగా దొరకాలి. మూడు గొలుసులు పెనవేసుకుని, ఆ పైన రెండు రకాల ముడులు పడి, వాటి మీద కొవ్వు పూత కూడా ఉంటే కత్తి పెట్టడానికి సందు ఎక్కడ? ఇది చాలదన్నట్టు, ట్రిప్సిన్‌ను, కైమోట్రిప్సిన్‌ను పట్టుకుని పనిచేయనీయని చిన్న ప్రోటీన్లను కూడా ఏలికపాము తయారుచేసుకుంటుంది. కోట గోడ మాత్రమే కాదు, కాపలా కూడా ఉంది.

అయితే గట్టి తోలు ఒక్కటే సరిపోదు. కొంకిపురుగుకు పేగు గోడను కరిచి పట్టుకునే నోరుంది, ఏలికపాముకు లేదు. పేగు కదలిక అన్నాన్ని కిందికి తోస్తుంటే, దీన్నీ తోసుకుపోవాలి కదా. అలా పోకుండా ఎప్పుడూ ప్రవాహానికి ఎదురీదుతూనే ఉంటుంది. ఈదాలంటే వెన్నెముక ఉండాలి, లేదా దానికి బదులు ఇంకేదో ఉండాలి. వానపాము ఒంట్లో నిలువు కండరాలూ, చుట్టు కండరాలూ రెండూ ఉంటాయి, ఒకటి ముడిస్తే ఇంకొకటి సాగదీస్తుంది. ఏలికపాము లాంటి గుండ్రటి పురుగుల్లో ఉన్నవి నిలువు కండరాలు మాత్రమే. ముడుచుకున్న పురుగును తిరిగి సాగదీసేదెవరు?

ఇక్కడ నాకు ఎప్పుడు చదివినా ముచ్చటేసే ప్రయోగం ఒకటుంది. 1957లో హారిస్, క్రాఫ్టన్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు బతికున్న ఆస్కారిస్ లోపలి ఒత్తిడిని కొలిచారు. సగటున 70 మిల్లీమీటర్ల పాదరసం వచ్చింది, కదలికను బట్టి 16 నుంచి 125 దాకా ఊగింది. మన రక్తపోటుతో పోల్చి చూడండి: మన ధమనుల్లో గుండె పనిగట్టుకుని పుట్టించే ఒత్తిడిని, గుండే లేని పురుగు ఒళ్లంతా మోస్తోంది. గాలి నిండిన సైకిల్ ట్యూబు బిగుసుకున్నట్టు అది ద్రవం నింపుకుని బిగుసుకుని ఉంటుంది. సూది గుచ్చితే లోపలి ద్రవం చిమ్ముకొస్తుంది.

ఆ బిగువును పట్టి ఉంచేది తోలు అడుగు పొర. ఏలికపాములో ఆ పొరలో మూడు వరుసల కొల్లాజెన్ నారలుంటాయి. ఒక వరుస ఒంటి చుట్టూ ఒకవైపుకు మెలితిరిగితే, దాని కింది వరుస రెండోవైపుకు, మూడోది మళ్లీ మొదటివైపుకు. నారలు సాగవు. కానీ వాటి మధ్య కోణం మారగలదు. నారలు ఒంటి నిలువుతో చేసే కోణం సుమారు 75 డిగ్రీలని హారిస్, క్రాఫ్టన్ లెక్కించారు. ఇప్పుడు జ్యామితి చూడండి. సాగని నారలతో ఇలా అల్లిన గొట్టంలో ఎక్కువ ద్రవం పట్టేది కోణం 55 డిగ్రీలకు దగ్గరగా ఉన్నప్పుడు. 75 దగ్గర ఉన్న పురుగు కండరాలు బిగించి పొట్టిదైతే కోణం ఇంకా పెరుగుతుంది, గొట్టంలో చోటు తగ్గుతుంది. లోపలున్న ద్రవాన్ని నొక్కి చిన్నది చేయలేం. కాబట్టి ఒత్తిడి పెరుగుతుంది. కండరం వదలగానే ఆ ఒత్తిడే పురుగును మళ్లీ నిలువునా సాగదీస్తుంది. చుట్టు కండరాల పని మొత్తం తోలులోని ఒక కోణం చేసిపెడుతోంది! కొల్లాజెన్ అల్లిక చెడితే ఏమవుతుందో సిడ్నీ బ్రెనర్ 1974లో ప్రచురించిన సీ. ఎలిగాన్స్ జన్యు లోపాల పట్టికలో కనిపిస్తుంది. కొన్ని పురుగులు పొట్టిగా బొద్దుగా తయారయ్యాయి, కొన్ని పాకలేక దొర్లాయి, కొన్నిటి తోలు బొబ్బలెక్కింది. వీటిలో చాలా లోపాల వెనక ఉన్నవి కొల్లాజెన్ జన్యువులేనని తర్వాత తేలింది.

గుండ్రటి పురుగులన్నీ గుడ్డు నుంచి పెద్దయ్యేలోపు నాలుగుసార్లు కుబుసం విడుస్తాయి. మౌలాలి గుట్ట ఎక్కిన వారు మెట్ల పక్కన గ్రానైటు బండ పలకలు పలకలుగా ఊడి ఉండటం చూసే ఉంటారు. పైన ఉన్న బరువు కాలక్రమంలో కొట్టుకుపోయి, లోపలి ఒత్తిడి సడలి, రాయి పొరలు విడుస్తుంది. పురుగు పద్ధతి దీనికి తలకిందులు. అది ముందు లోపల కొత్త తోలు మొత్తం కట్టుకుని, ఆ తర్వాతే పాతదాన్ని వదిలించుకుంటుంది, ఒత్తిడి ఒక్క క్షణం కూడా సడలనీయదు. కుబుసం విడిచే జంతువులంతా ఒకే వంశమనీ, బొద్దింకకూ ఏలికపాముకూ దూరపు చుట్టరికం ఉందనీ 1997లో జన్యువుల ఆధారంగా ప్రతిపాదించారు. బొద్దింక పెంకు కైటిన్‌తో గట్టిపడుతుంది, పురుగు తోలు కొల్లాజెన్‌తో. అయితే బొద్దింక కుబుసం విడిస్తే తప్ప ఎదగలేదు. ఏలికపాము చివరి కుబుసం విడిచేనాటికి ఇంకా చాలా చిన్నదే. అక్కడి నుంచి ముప్ఫై సెంటీమీటర్లకు చేరేది అదే తోలులో, ఆ తోలును వేసుకునే పెంచుకుంటూ. కాబట్టి క్యూటికిల్‌ను చచ్చిన పెంకు అనుకోవడం పొరపాటు.

అది చచ్చిన పెంకు కాదనడానికి ఇంకా గట్టి సాక్ష్యం బయటి జిగురు పూతలో ఉంది. కుక్కపిల్లల పేగుల్లో ఉండే టాక్సోకారా కేనిస్ అనే పురుగు మన ఏలికపాముకు దగ్గరి బంధువే. దాని గుడ్లు మట్టి ద్వారా మనిషి నోట్లోకి వెళితే లార్వాలు పేగులో పెద్దవి కావు. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, ఒక్కోసారి కంట్లో చేరి లార్వాగానే ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వీధికుక్కలు తిరిగే ఇసుక కుప్పల్లో పిల్లలు ఆడే ఏ ఊరికైనా ఈ సంగతి వర్తిస్తుంది. మన రక్తంలోని ప్రతిరక్షకాలు ఆ లార్వా ఒంటికి అతుక్కుంటాయి, వాటిని పట్టుకుని తెల్లకణాలు మీద పడతాయి. అప్పుడు లార్వా తన జిగురు పూతను వదిలేస్తుంది. ప్రతిరక్షకాలూ కణాలూ ఆ ఊడిన పూతతో పాటు జారిపోతాయి, లోపలి నుంచి కొత్త పూత వచ్చేస్తుంది. పంది మాంసం ద్వారా వచ్చే ట్రైకినెల్లా ఇంకో ఎత్తు వేస్తుంది. ప్రతి దశలోనూ ఒంటి మీది ప్రోటీన్లనే మార్చేస్తుంది. నిన్నటి ముఖం గుర్తుపెట్టుకున్న మన రోగనిరోధక వ్యవస్థ ఇవాళ కొత్త ముఖాన్ని చూస్తుంది.

బోదకాలు పురుగు కథ తెలుగువారికి ఇంకొంచెం సొంతం. మురుగు నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఉకరేరియా బాంక్రాఫ్టీ పెద్దపురుగులు శోషరస నాళాల్లో అయిదారేళ్లు బతుకుతాయి. వాటి పిల్లలు మైక్రోఫైలేరియాలు. పగలు ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుని, రాత్రి దోమలు కుట్టే వేళకు రక్తంలోకి వస్తాయి. వాటికి ఒంటి మీది తోలు కాక, దాని పైన ఒక వదులైన ఒర ఉంటుంది. నిజానికది గుడ్డు పెంకే, పిల్ల పొడవు సాగినకొద్దీ అదీ సాగింది. దోమ కడుపులోకి చేరాకే పిల్ల ఆ ఒర విప్పుతుంది. ఒరలో కైటిన్ ఉంటుంది, పిల్ల దగ్గర కైటిన్‌ను కోసే ఎంజైము కూడా ఉంటుంది. పెద్దపురుగు తోలు సంగతి వేరు. ఫైలేరియా పురుగులకు నోరూ పేగూ ఉన్నా, గ్లూకోజును ఎక్కువగా తోలు ద్వారానే లాక్కుంటాయి. తోలు పైన గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమును కూడా పరుస్తాయి. తెల్లకణాలు చిమ్మే ఆక్సిజన్ విషాలు పొర కొవ్వులను పాడుచేయకుండా అది అడ్డుకుంటుంది.

ఈ పురుగును కొట్టే మందు భీమవరంలో పుట్టిన మనిషి ఆధ్వర్యంలో వచ్చింది. యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు నాయకుడిగా ఉన్నప్పుడు, అక్కడి బృందం పత్తి ఎలుకలకు ఫైలేరియా పట్టించి వరసగా రసాయనాలు పరీక్షించి డైఇథైల్‌కార్బమజైన్‌ను పట్టుకుంది. 1947లో ఆ ఫలితాలు వెలువడ్డాయి, వ్యాపారనామం హెట్రాజాన్. మరుసటేడు ఆగస్టులో సుబ్బారావు పోయారు. ఇంటింటికీ తిరిగి కళ్ల ముందే మింగించే డీఈసీ మాత్ర ఇదే. అయితే ఈ మందులో ఒక వింత ఉంది. మైక్రోఫైలేరియాలను సీసాలో వేసి, ఒంట్లో చేరేంత మోతాదులో డీఈసీ కలిపితే అవి హాయిగా ఈదుతూనే ఉంటాయి. అదే మనిషికి ఇస్తే నిమిషాల్లో రక్తం నుంచి మాయమవుతాయి. 1950లో లండన్‌లో ఫ్రాంక్ హాకింగ్ (స్టీఫెన్ హాకింగ్ తండ్రి) తన సహచరులతో కలిసి ఈ సంగతిని పరిశీలించి, మాయమైనవి కాలేయంలో చిక్కుకుని తెల్లకణాల పాలవుతున్నాయని చూపించాడు. మందు నేరుగా చంపడం లేదు. పురుగు పైపూతను ఏదో విధంగా మార్చి, ఇన్నాళ్లూ కనబడకుండా తిరిగిన దాన్ని మన కణాలకు పట్టిస్తోందని ఆయన భావించాడు. చంపే పని ఒంటిది, చూపించే పని మందుది.

పేగులోని పురుగుల మీద వాడే ఆల్బెండజోల్ దారి వేరు. అది పురుగు కణాల్లోని ట్యూబులిన్‌కు అంటుకుని లోపలి రవాణాను ఆపేస్తుంది, గ్లూకోజు అందక పురుగు నీరసించి పేగు కదలికకు కొట్టుకుపోతుంది. అయితే ఈ మందు పురుగు లోపలికి చేరేదెలా? నోటితో మింగడం వల్ల అనుకుంటాం. పురుగు నోరు మూసేసి చేసిన ప్రయోగాల్లోనూ మందు లోపలికి చేరింది, అంటే తోలులోంచే. ఆస్కారిస్ తోలులో కొల్లాజెన్ అల్లిక మధ్య నీళ్లు నిండిన సందులున్నాయి. వాటి వ్యాసార్థం ఒకటిన్నర నానోమీటర్లు, గోడల మీద రుణావేశం. ఆ సందుల్లో ఇంకో వాతావరణం కూడా ఉంది. ఆక్సిజన్ తక్కువైన పేగులో చక్కెరను పులియబెట్టి బతికే పురుగు సేంద్రియ ఆమ్లాలను తోలు ద్వారా బయటికి వదులుతుంది. వాటివల్ల చుట్టూ ఉన్న ద్రవం ఎలా ఉన్నా తోలు లోపల పీహెచ్ 5 దగ్గరే నిలుస్తుంది. బలహీన ఆమ్లమో క్షారమో అయిన మందు అక్కడ ఆవేశం పుంజుకుంటే లోపలి కొవ్వు పొర దాటలేదు. కొవ్వులో బాగా కరిగే, ఆవేశం లేని మందులకే దారి సులభం. గొర్రెల నట్టల మందు తయారుచేసే వారైనా, పిల్లల మాత్ర తయారుచేసే వారైనా ఈ లెక్క దాటిపోలేరు.

తోలును దాటడం కాక, తోలునే కోసే పదార్థాలూ ఉన్నాయి. వాటిలో ఒకటి హైదరాబాద్ వంటిళ్లకు పాత పరిచయం. పత్తర్ కా గోష్త్‌కు మాంసం నానబెట్టేటప్పుడు పచ్చి బొప్పాయి నూరి కలుపుతారు. అందులోని పపైన్ కండ నారలను కోస్తుంది, వేడికి వదులైన కొల్లాజెన్‌నూ వదలదు. పపైన్ ట్రిప్సిన్ కుటుంబానికి చెందింది కాదు, కోసే పద్ధతే వేరు. ట్రిప్సిన్ కోసం పురుగు పెట్టుకున్న కాపలా దీని ముందు పనికిరాదు. అనాసపండు రసం ఏలికపాములను కరిగిస్తుందని 1939లోనూ, స్ఫటిక రూపంలో వేరుచేసిన పపైన్ కూడా ఆ పని చేస్తుందని మరుసటేడూ బెర్గర్, అసెన్హో సైన్స్ పత్రికలో రాశారు. ఈ శతాబ్దం మొదటి దశకంలో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జెర్జీ బేంకే బృందం ఎలుకల పేగు పురుగులను పపైన్‌లో ఉంచి సూక్ష్మదర్శినిలో చూసింది. ముందు తోలు మీద బొబ్బలు లేచాయి. తర్వాత బొబ్బ దగ్గర తోలు చిట్లి, లోపలి అవయవాలు బయటికి తన్నుకొచ్చాయి. తోలు పలచబడ్డ క్షణాన ఆ పురుగును చంపింది దాని సొంత ఒత్తిడే. (ఇది చదివి ఎవరూ పిల్లలకు బొప్పాయి పాలు తాగించకండి. నోరు పుండ్లవుతుంది, కడుపులోని ఆమ్లం ఎంజైమును చాలావరకు పాడుచేస్తుంది.)

ఇన్ని దారులున్నా ఏలికపాముకు ఒక ముసుగు మిగిలే ఉంటుంది: గుడ్డు పెంకు. ఆడపురుగు రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. పెంకు బయట బుడిపెలున్న ప్రోటీన్ పొర, పైత్యరసంతో గోధుమరంగు పట్టి ఉంటుంది. లోపల కైటిన్ పొర. అన్నిటికీ లోపల అస్కరోసైడులు అనే చక్కెర కలిసిన కొవ్వుల పొర. గట్టిదనం కైటిన్‌ది, రసాయనాలను ఆపేది మాత్రం ఈ లోపలి కొవ్వు పొరే. ప్రయోగశాలల్లో ఆస్కారిస్ గుడ్లను పలచని ఫార్మలిన్‌లో ఉంచినా పిండం నిశ్చింతగా ఎదిగిపోతుంది. కణజాలాన్ని గట్టిపరచి చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో! తడి మట్టిలో, నీడలో ఈ గుడ్లు ఏళ్ల తరబడి పాడవకుండా ఉంటాయి.

ఆల్బెండజోల్ మాత్ర పేగులోని పురుగును పట్టుకుంటుంది, మట్టిలోని గుడ్డు జోలికి పోలేదు. వెచ్చని మట్టిలో రెండు మూడు వారాలకు గుడ్డులో లార్వా సిద్ధమవుతుంది. కడగని కొత్తిమీరతోనో, గోళ్ల సందున మట్టితోనో నోట్లోకి చేరాక లార్వా పేగు గోడ దాటి, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు వెళ్లి, దగ్గుతో గొంతులోకి వచ్చి, మింగుడుపడి మళ్లీ పేగుకే చేరుతుంది. ఈ ప్రయాణమంతా కలిపి రెండు మూడు నెలల్లో కొత్త ఆడపురుగు గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఫిబ్రవరి 10న మౌలాలి అంగన్‌వాడీలో మాత్ర నమిలిన పిల్లకు ఆగస్టు 10న మళ్లీ మాత్ర ఇచ్చేది ఇలా పురుగు తిరిగి చేరుతుంది కాబట్టే.